యార్క్‌షైర్‌లో ఉరిశిక్ష పడిన మనిషిని పాత కాగితాల్లో వెతికి పట్టుకోవడం ఎలా

ముందు ఒక మనిషిని ఎంచుకోండి, చట్టాల జాబితాతో మాత్రం మొదలుపెట్టకండి. 18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఉరిశిక్షల గురించి వెతికితే మొట్టమొదట ఎదురయ్యేది ఒక అంకె. 1688 ప్రాంతంలో యాభై దాకా ఉన్న ఉరి నేరాలు, 1800 దాటి కొన్నేళ్లయ్యేసరికి రెండు వందలు మించాయని. అంకె తప్పేం కాదు, కానీ దాన్నే పట్టుకుని కూర్చుంటే ఊరికొక ఉరికంబం, రోజుకొక శవం అన్నట్టు ఊహ ఎటో వెళ్లిపోతుంది. 1723లో వచ్చిన బ్లాక్ యాక్ట్ అనే ఒక్క చట్టంలోనే యాభైకి పైగా ఉరి నేరాలున్నాయి: ముఖానికి మసి పూసుకుని ఇంకొకరి అడవిలో జింకల కోసం తిరగడం, చేపల చెరువు కట్ట తెంచడం, తోటలో చెట్లు నరకడం, ఇలాంటివన్నీ. కాగితం మీద ఇన్ని ఉన్నా, నిజంగా ఉరికంబం ఎక్కినవాళ్లలో ఎక్కువమందిని తీసుకెళ్లినవి పాత నేరాలే, అంటే హత్య, దారిదోపిడీ, ఇంటికి కన్నం వేయడం, గుర్రాల దొంగతనం, దొంగ నాణేలు, ఫోర్జరీ.

ఇంకో సంగతి కూడా మొదటే తెలుసుకోవాలి. ఉరిశిక్ష పడినవాళ్లలో చాలామందిని ఉరి తీయలేదు. ఇంగ్లండ్ మొత్తం మీద చూస్తే ఆ శతాబ్దంలో ఎక్కువ ఏళ్లు సగానికి పైగా మనుషులు క్షమాభిక్షతో బయటపడ్డారు. దొంగతనం జరిగిన రోజు నుంచి తాడు బిగిసే రోజు దాకా సొమ్ము పోయినవాడు, మేజిస్ట్రేటు, కేసు విచారణకి నిలుస్తుందో లేదో చూసే పెద్ద జ్యూరీ, దోషో కాదో తేల్చే పన్నెండుమంది చిన్న జ్యూరీ, జడ్జి, లండన్‌లో మంత్రి, రాజు, ఇంతమంది చేతులు మారుతుంది ఒక ప్రాణం. ఆ చేతుల్లో చాలావాటి నుంచి ఏదో ఒక కాగితం మిగిలింది. వాటిని వరసగా ఎలా చదవాలో చెప్తాను.

యార్క్‌షైర్ కౌంటీని (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) తీసుకోవడానికి కారణం ఉంది. ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పెద్ద కౌంటీ అదే, పైగా అక్కడ సాక్షుల వాంగ్మూలాలు బాగా మిగిలాయి, చాలా కౌంటీల్లో అవి పోయాయి. లండన్ కేసుల కోసం ఉన్న ఓల్డ్ బెయిలీ (అది లండన్ క్రిమినల్ కోర్టు పేరు) వెబ్‌సైట్ చాలా గొప్పది, ఉచితం కూడా, కానీ అందులో ఉండేవి లండన్, దాని పక్క కౌంటీ మిడిల్‌సెక్స్ కేసులే. యార్క్‌షైర్ మనిషి కోసం అక్కడ వెతికితే ఏమీ దొరకదు, దొరకలేదు కాబట్టి కేసే లేదనుకోకండి.

ఏ కోర్టో ముందు తేల్చుకోండి

మన తెలుగువాళ్లు ఇక్కడే పొరబడతారు. మనకి సెషన్స్ కోర్టు అంటే హత్య కేసులు విచారించే కోర్టు. ఆ కాలపు ఇంగ్లండ్‌లో క్వార్టర్ సెషన్స్ అంటే స్థానిక మేజిస్ట్రేట్లు మూడు నెలలకొకసారి కూర్చుని చిన్న దొంగతనాలు, కొట్లాటలు, రోడ్ల మరమ్మతులు లాంటివి చూసుకునే సభ. ఉరిశిక్ష పడే కేసులను అసైజెస్ అనే కోర్టుకి పంపేవాళ్లు. లండన్ నుంచి ఇద్దరు జడ్జీలు బయలుదేరి ఊరూరా తిరుగుతూ ఏడాదికి రెండుసార్లు యార్క్ వచ్చేవాళ్లు, మార్చి ప్రాంతంలో ఒకసారి, జులై ఆగస్టుల్లో ఇంకోసారి. ఇంకా ఉత్తరాన ఉన్న నార్తంబర్లాండ్, కంబర్లాండ్ లాంటి చోట్లకి వేసవిలో ఒక్కసారే వెళ్లేవాళ్లు, కాబట్టి సెప్టెంబరులో పట్టుబడినవాడు తప్పు చేసినా చేయకపోయినా దాదాపు ఏడాది జైల్లో పడుండాల్సిందే.

అసైజెస్ కాగితాలు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. నార్తర్న్ సర్క్యూట్, అంటే ఆ జడ్జీలు తిరిగే ఉత్తరాది దారి, అని వెతకండి. కేటలాగ్‌లో ఏఎస్‌ఎస్‌ఐ (ASSI) 44 అనే నంబరు కింద ఇండైట్‌మెంట్లు అంటే నేరారోపణ పత్రాలు, ఏఎస్‌ఎస్‌ఐ 45లో వాంగ్మూలాలు, ఏఎస్‌ఎస్‌ఐ 42లో జైలు పుస్తకాలు, అంటే విచారణకొచ్చిన ఖైదీల పేర్లు, తీర్పులు రాసినవి. కేటలాగ్ ఇంటి నుంచే ఉచితంగా చూడొచ్చు, కాపీలు కావాలంటే డబ్బు కట్టాలి. క్వార్టర్ సెషన్స్ కాగితాలు మాత్రం మూడు చోట్ల ఉంటాయి, ఎందుకంటే యార్క్‌షైర్‌ని రైడింగ్‌లు అని మూడు ముక్కలుగా పాలించేవాళ్లు. వెస్ట్ రైడింగ్‌వి వేక్‌ఫీల్డ్‌లో, నార్త్ రైడింగ్‌వి నార్తాలర్టన్‌లో, ఈస్ట్ రైడింగ్‌వి బెవర్లీలో. మొదటిసారి చదివేవాళ్లు 1733 తర్వాతి కేసునే తీసుకోండి. ఆ ఏడాది మార్చి 25 దాకా కోర్టు రికార్డులు లాటిన్‌లో, అది కూడా పొట్టి గుర్తులతో రాసేవాళ్లు, తర్వాత నుంచి ఇంగ్లిష్‌లోకి మార్చారు.

తేదీతో జాగ్రత్త

1752కి ముందు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మొదలయ్యేది మార్చి 25న. మన ఉగాది ప్రాంతంలో అన్నమాట. దీనివల్ల మార్చి అసైజెస్ కేసులన్నిటికీ తేదీ గొడవ ఉంటుంది. డిక్ టర్పిన్ అనే గజదొంగ కేసు చూడండి. అతని విచారణ జరిగింది మనం ఇప్పుడు లెక్కపెట్టే పద్ధతిలో 1739 మార్చి 22న, కానీ అప్పటి కాగితంలో అది 1738. ఉరి తీసింది 1739 ఏప్రిల్ 7న, ఆ తేదీ అప్పుడూ ఇప్పుడూ ఒకటే. తెలియనివాళ్లు విచారణకీ ఉరికీ మధ్య ఏడాది గడిచిందనుకుంటారు. గడిచింది 16 రోజులు.

చేయి తిరగడానికి ఈ టర్పిన్ కేసునే ముందు చదవమంటాను. ముగింపు మనకి తెలుసు కాబట్టి ఏ కాగితం నిజం చెప్తోందో, ఏది చెప్పట్లేదో పోల్చుకోవచ్చు. ఎసెక్స్‌లోని హెంప్‌స్టెడ్ ఊరివాడు, వృత్తి మాంసం కొట్టు. దొంగల ముఠాలో చేరి, తర్వాత దారిదోపిడీలు చేసి, 1737లో ఎపింగ్ అడవిలో ఒక మనిషిని కాల్చి చంపాడు. తల మీద 200 పౌండ్ల బహుమతి పెట్టారు. యార్క్‌షైర్ పారిపోయి జాన్ పామర్ అనే పేరుతో గుర్రాల వ్యాపారిలా బతికాడు. 1738 అక్టోబరులో బ్రఫ్ ఊరి వీధిలో ఎవరిదో పందెం కోడిని తుపాకీతో కాల్చి, ఇదేంటని అడిగిన మనిషిని నిన్నూ కాలుస్తానని బెదిరించాడు. ఆ కోడి గొడవతోనే పట్టుబడ్డాడు. తర్వాత గుర్రాల సంగతి బయటపడి యార్క్ కోట జైలుకి పంపారు.

అక్కడి నుంచి సొంత ఊళ్లో ఉన్న బావకి ఉత్తరం రాశాడు. ఆ రోజుల్లో పోస్టు ఖర్చు ఉత్తరం అందుకున్నవాడు కట్టాలి. యార్క్ నుంచి నాకు ఉత్తరం రాసేవాళ్లెవరూ లేరని బావ డబ్బు కట్టకుండా వదిలేశాడు. ఉత్తరం శాఫ్రన్ వాల్డెన్ పోస్టాఫీసుకి చేరింది. అక్కడ దాన్ని చూసిన జేమ్స్ స్మిత్ అనే ఆయన, చిన్నప్పుడు టర్పిన్‌కి రాయడం నేర్పిన మనిషి. చేతిరాత గుర్తుపట్టి, యార్క్ దాకా వెళ్లి, జైల్లో ఉన్నది పామర్ కాదు టర్పిన్ అని చెప్పి 200 పౌండ్లు అందుకున్నాడు. తాను దిద్దించిన అక్షరాలే ఒక మనిషిని పట్టిచ్చాయి, ఆ దృశ్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు అదోలా అయిపోతుంది.

నేరారోపణ పత్రాన్ని ఉన్నదున్నట్టు నమ్మొద్దు

ఇది అన్నిటికంటే ముఖ్యం, అందుకే కాస్త సాగదీస్తాను. ఇండైట్‌మెంట్ చూడటానికి పక్కాగా ఉంటుంది, పేరు, ఊరు, వృత్తి, తేదీ, పోయిన వస్తువు, దాని విలువ, అన్నీ ఉంటాయి. టర్పిన్ పత్రంలో అతన్ని యార్క్ కోట నివాసి, కూలీ అని రాశారు. కోటలో ఉన్నది ఖైదీగా, కూలీ పని ఎన్నడూ చేయలేదు. గుర్రాలు పోయింది వెల్టన్ ఊళ్లో, మన లెక్కలో 1739 మార్చి 1న అని రాశారు. అసలు పోయింది లింకన్‌షైర్‌లోని హెకింగ్టన్‌లో, అంతకు ముందు ఆగస్టులో. పత్రంలో ఉన్న తేదీ నాటికి అతను ఐదు నెలల నుంచి సంకెళ్లలో ఉన్నాడు! అంటే ఆ పత్రం ప్రకారం జైల్లో ఉన్న మనిషి బయటికొచ్చి గుర్రాలు దొంగిలించి మళ్లీ జైలుకెళ్లాడు. అయినా ఆ కేసు నిలబడింది, అతని తరఫున వకీలు లేడు, ఇది తప్పు అని ఎత్తిచూపేవాళ్లు లేరు. కాబట్టి ఇండైట్‌మెంట్‌లో వృత్తి, ఊరు, తేదీ ఈ మూడింటినీ వాంగ్మూలంతో సరిచూసుకోకుండా ఎక్కడా రాసుకోకండి. కూలీ అన్న మాట చాలా పత్రాల్లో ఊరికే రాసే మాట, దాన్ని పట్టుకుని నేరస్తులంతా కూలీలే అని తేల్చేసినవాళ్లున్నారు.

తర్వాత విలువ చూడండి. టర్పిన్ పత్రంలో ఆడగుర్రం మూడు పౌండ్లు, పిల్ల ఇరవై షిల్లింగులు, ఇంకో గుర్రం మూడు పౌండ్లు (అప్పట్లో పౌండుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు). గుర్రం దొంగతనానికి విలువతో పని లేకుండా ఉరే, కానీ వేరే దొంగతనాల్లో ప్రాణమంతా ఆ అంకెలోనే ఉంటుంది. ఇంట్లోంచి 40 షిల్లింగుల సొత్తు పోతే ఉరి, దుకాణంలో కంట పడకుండా 5 షిల్లింగుల సరుకు తీస్తే ఉరి. అందుకే 39 షిల్లింగులు, 4 షిల్లింగుల 10 పెన్నీలు లాంటి అంకెలు కనపడితే అక్కడ ఆగండి. జ్యూరీ కావాలనే విలువ తగ్గించి మనిషిని బతికించింది. ఎదురుగా నిలబడిన మనిషిని చూసి, ప్రమాణం చేసిన పన్నెండుమంది తెలిసి తెలిసీ అబద్ధం చెప్పారు. బ్లాక్‌స్టోన్ అనే న్యాయశాస్త్రవేత్త దీన్ని పుణ్యం కోసం ఆడిన అబద్ధం అన్న అర్థం వచ్చే మాటతో పిలిచాడు.

యార్క్‌షైర్ ఉన్ని బట్టల దేశం. హాలిఫాక్స్, లీడ్స్ చుట్టుపక్కల తడిసిన బట్టను ఆరుబయట పొడవాటి చెక్క చట్రాలకి కొక్కేలతో లాగి కట్టి ఆరబెట్టేవాళ్లు. రాత్రిపూట ఆ చట్రం మీది బట్ట కోసుకుపోతే 1670 నాటి చట్టం ప్రకారం ఉరి పడొచ్చు. నేతగాళ్ల ఊళ్లలో పుట్టినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, ఆరబెట్టిన బట్ట అంటే ఒక ఇంటివాళ్ల వారాల కష్టం, దానికి రాత్రంతా కాపలా ఎవరుంటారు? అయినా ఒక ప్రాణం ఖరీదు అంతేనా అన్న ప్రశ్న ఆ కాగితాలు చదివినప్పుడల్లా నన్ను వదలదు.

వాంగ్మూలాల్లో మనుషుల గొంతు వినండి

పోలీసులు లేని కాలం. సొమ్ము పోయినవాడే వెతుక్కోవాలి, సాక్షుల్ని కూడగట్టుకోవాలి, కేసు ఖర్చు పెట్టుకోవాలి. 1752 నుంచి శిక్ష పడితే పేదవాళ్లకి ఖర్చు ఇప్పించే ఏర్పాటు వచ్చింది, అంతవరకు అదీ లేదు. మేజిస్ట్రేట్ ముందు సాక్షులు చెప్పిందే వాంగ్మూలం, రాసింది గుమాస్తానే అయినా మధ్యమధ్యలో అసలు మాట వినిపిస్తుంది. సంతకం దగ్గర చూడండి, చాలాచోట్ల పేరుండదు, ఇంటూ గుర్తో గీతో ఉంటుంది. వేలిముద్ర బదులు అదే.

పెళ్లికాని తల్లుల కేసులు చదివేటప్పుడు గుండె దిటవు చేసుకోండి. 1624 నాటి చట్టం ప్రకారం పెళ్లికాని స్త్రీ బిడ్డ పుట్టి చనిపోయిన సంగతి దాస్తే, బిడ్డ చనిపోయే పుట్టాడని సాక్షితో చూపించలేకపోతే, హత్య కిందే లెక్క, శిక్ష ఉరి. ఎక్కువగా ఇళ్లలో పనిచేసే అమ్మాయిలు. 18వ శతాబ్దంలో జ్యూరీలు ఈ చట్టాన్ని పూర్తిగా అమలు చేయడానికి ఇష్టపడలేదు, ఏదో ఒక దారి వెతికాయి, ఆ దారి బిడ్డ బట్టలు. ఆ అమ్మాయి పుట్టబోయే బిడ్డ కోసం గుడ్డలు సిద్ధం చేసుకుందని తేలితే, చంపే ఉద్దేశం లేదని వదిలేసేవాళ్లు. అందుకే ఇలాంటి వాంగ్మూలాల్లో మంత్రసాని, పొరుగింటి ఆడవాళ్లు పెట్టె తెరిచి చూశాం, చిన్న చొక్కా ఉంది, టోపీ ఉంది అని చెప్పే వాక్యాలుంటే దాటిపోకండి. ఆ చిన్న చొక్కా మీదే ఒక ప్రాణం ఆధారపడి ఉంది. ఈ చట్టం 1803 దాకా ఉంది.

తీర్పు గుర్తులు చదవడం

పత్రం వెనక్కి తిప్పండి. వెనక సాక్షుల పేర్లుంటాయి, పెద్ద జ్యూరీ రాసిన మాట ఉంటుంది. బిల్లా వేరా అనో ట్రూ బిల్ అనో ఉంటే కేసు ముందుకెళ్లింది, ఇగ్నోరామస్ అని ఉంటే అక్కడే ఆగిపోయింది, అంటే ఆ మనిషి అసలు విచారణ దాకా రాలేదు. ముందు వైపు, పేరు మీద చిన్న అక్షరాలతో గుర్తులుంటాయి. పో సే అంటే నేరం ఒప్పుకోక జ్యూరీ తీర్పు కోరుకున్నాడని. కుల్ అంటే దోషి, నాన్ కుల్ అంటే కాదు. కా నుల్ అంటే స్వాధీనం చేసుకోవడానికి ఆస్తి లేదు. సుస్ (sus) అని ఉంటే మెడకు ఉరి వేయాలి అన్న లాటిన్ వాక్యానికి అది పొట్టి రూపం. మూడక్షరాలు. 2024 దాకా అమల్లో ఉన్న 1973 నాటి మన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ మరణశిక్షకి నిర్దేశించిన మాట కూడా చనిపోయేదాకా మెడకు ఉరి వేయాలనే, ఆ వాక్యం వచ్చిన దారి ఇదే. ఆ చట్టాలు మన దేశానికి ఎలా ఎక్కివచ్చాయో తెలియాలంటే మహారాజా నందకుమార్ కేసు చూడండి, 1775లో కలకత్తాలో ఆయన్ని ఉరి తీసింది ఫోర్జరీకి, ఇంగ్లండ్‌లో 1729లో వచ్చిన చట్టం ప్రకారం.

సుస్ అని కనపడగానే ఉరి తీశారని రాసేయొద్దు, అది శిక్ష మాత్రమే. జడ్జి ఊరు వదిలి వెళ్లేముందు కొందరికి అమలు ఆపేవాడు. మిగతావాళ్ల బంధువులు, ఊరి పెద్దలు అర్జీలు రాసేవాళ్లు. రాజు రెండో జార్జి కాలం అర్జీలు అదే నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎస్‌పీ (SP) 36లో, మూడో జార్జి కాలంవి ఎస్‌పీ 37లో, 1784 నుంచి జడ్జీలు రాజుకి పంపిన నివేదికలు హెచ్‌ఓ (HO) 47లో ఉన్నాయి. బతికి బయటపడినవాళ్లని 1718 చట్టం కింద సాధారణంగా 14 ఏళ్లకి అమెరికా వలసలకి పంపేవాళ్లు, 1775 తర్వాత యుద్ధంతో ఆ దారి మూసుకుపోయింది, 1787 నుంచి ఆస్ట్రేలియా.

హత్య కేసైతే అర్జీకి వ్యవధే ఉండదు. 1752లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం శిక్ష పడిన ఎల్లుండే ఉరి, ఎల్లుండి ఆదివారమైతే సోమవారం, తర్వాత శవాన్ని కోయడానికి వైద్యులకైనా ఇవ్వాలి, గొలుసులతో కంబానికైనా వేలాడదీయాలి. యూజీన్ ఆరమ్ అనే బడిపంతులు కేసుతో ఇది సరిచూసుకోండి. నేర్స్‌బరో ఊళ్లో 1745లో డేనియల్ క్లార్క్ అనే మనిషి మాయమయ్యాడు, 13 ఏళ్ల తర్వాత, 1758లో ఎముకలు బయటపడ్డాయి, అప్పటికి ఆరమ్ ఎక్కడో కింగ్స్ లిన్‌లో పిల్లలకి చదువు చెప్తూ భాషల మధ్య చుట్టరికాల మీద పరిశోధన చేసుకుంటున్నాడు. 1759 ఆగస్టు 3, శుక్రవారం, యార్క్‌లో విచారణ. తన వాదన తనే రాసుకొచ్చి చదివాడు. సోమవారం, 6న ఉరి. జడ్జీలు హత్య కేసుల్ని చాలాసార్లు శుక్రవారం పెట్టేవాళ్లు, ఒక్క రోజైనా ఎక్కువ దొరుకుతుందని. మీ కేసులో వారం ఏదో తప్పకుండా లెక్కగట్టండి.

ఆడవాళ్ల కేసుల్లో ఇంకోటి గమనించాలి. భర్తని చంపినా, దొంగ నాణేలు చేసినా 1790 దాకా చట్టంలో ఉన్న శిక్ష కాల్చడం. సాధారణంగా ముందే గొంతు బిగించేవాళ్లు. 1776లో యార్క్‌లోనూ ఒకామెకి ఇది జరిగింది. దీని గురించి ఇంతకంటే రాయడం నావల్ల కాదు.

నిర్దోషి అని ఉన్నా వెతకడం ఆపకండి

క్రాగ్ వేల్ దొంగ నాణేల ముఠా సంగతి చూడండి. హాలిఫాక్స్ పక్క కొండల్లో నేత పని చేసుకునేవాళ్లు బంగారు నాణేల అంచులు కత్తిరించి ఆ పొడితో కొత్తవి చేసేవాళ్లు. నాయకుడు డేవిడ్ హార్ట్‌లీ, చుట్టుపక్కల వాళ్లకి కింగ్ డేవిడ్. అతన్ని పట్టించిన ఎక్సైజు అధికారి విలియమ్ డైటన్‌ని 1769 నవంబరులో ఇంటి దగ్గరే కాల్చి చంపారు. హార్ట్‌లీని 1770 ఏప్రిల్ 28న యార్క్‌లో ఉరి తీశారు. కాల్చినవాళ్లు రాబర్ట్ థామస్, మాథ్యూ నార్మంటన్ మాత్రం అదే ఏడాది వేసవిలో హత్య కేసులో నిర్దోషులుగా బయటికొచ్చారు. ఇక్కడితో ఫైలు మూసేస్తే కథ సగమే. అదే రాత్రి డైటన్ జేబులోంచి డబ్బు తీశారని దారిదోపిడీ కేసు కొత్తగా పెట్టి, థామస్‌ని 1774లో, నార్మంటన్‌ని 1775లో ఉరి తీశారు. కాబట్టి ఒక పేరు దొరికాక తర్వాతి ఐదేళ్ల జైలు పుస్తకాలు కూడా తిరగేయండి.

నిజంగా ఉరి తీశారో లేదో తేల్చుకోవడం

రెండు దారులున్నాయి. ఒకటి పత్రికలు: యార్క్ కూరంట్, లీడ్స్ మెర్క్యురీ, లీడ్స్ ఇంటెలిజెన్సర్. అసైజెస్ అయిన వారం, ఆ తర్వాత రెండు మూడు వారాల సంచికలు చూడాలి. పత్రిక చెప్పే ఆఖరి మాటల్ని మాత్రం గట్టిగా నమ్మకండి. రెండోది నాకు ఎక్కువ నమ్మకమైనది, షరీఫుల ఖర్చు పద్దులు. ఉరి తీయించే బాధ్యత కౌంటీ షరీఫ్‌ది, ఆ ఖర్చు తిరిగి ఇవ్వమని ఖజానాకి బిల్లు పెట్టేవాడు. క్రేవింగ్స్ అని పిలిచే ఆ పద్దులు నేషనల్ ఆర్కైవ్స్‌లో టీ (T) 90 అనే నంబరు కింద ఉన్నాయి. డబ్బు అడిగేవాడు పేరు రాయక తప్పదు, ఎవరిని ఉరి తీశారు, ఎవరి శవాన్ని గొలుసులతో వేలాడదీశారు, దానికెంతైంది, అన్నీ పొడిపొడిగా.

వీలైతే చివరికి ఆ చోటికి వెళ్లి చూడండి. యార్క్ కోటలో టర్పిన్ ఉన్న జైలు ఇప్పుడు మ్యూజియం, ఎదురుగా 1777లో కట్టిన అసైజెస్ భవనంలో ఇప్పటికీ కోర్టు నడుస్తోంది. ఊరి బయట టాడ్‌కాస్టర్ రోడ్డు పక్కన నేవ్స్‌మైర్ మైదానంలో 1801 దాకా వాడిన ఉరికంబం స్థలం దగ్గర రాయి పెట్టారు, పక్కనే 1731 నుంచి గుర్రప్పందాలు జరుగుతున్న మైదానం. టర్పిన్ ఆ రోజు కొత్త కోటు, కొత్త బూట్లు కొనుక్కుని, వెనక ఏడుస్తూ నడవడానికి ఐదుగురిని డబ్బిచ్చి పెట్టుకుని, ఊరి మధ్యలోంచి బండి మీద ఇక్కడికే వచ్చాడు. నిచ్చెన ఎక్కి తలారితో అరగంట మాట్లాడి, తనే దూకేశాడు. కోట నుంచి ఈ రాయి దాకా నడిచి వెళ్లండి, ఆ దూరం ఎంతో కాళ్లకి తెలుస్తుంది.